డూ ది నీడ్‌ఫుల్ అంటే ఏం చెయ్యమని?

(ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు విద్యార్థుల కోసం పెట్టిన దరఖాస్తుల తరగతిలో, ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా చేరి బొడొబాబుగా, అంటే హెడ్ గుమాస్తాగా, రిటైరైన ఒకాయన చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడినట్టే రాశాం, దగ్గులూ మైకు గోలా మాత్రం తీసేశాం.)

నమస్కారం. వెనక బెంచీల్లో వినపడుతోందా? ఫ్యాను కింద కూర్చున్నవాళ్లు కొంచెం ఈ పక్కకి జరగండి, ఆ చప్పుడులో నా గొంతు మీకు చేరదు.

ఇంగ్లీషులో దరఖాస్తు ఎలా రాయాలో చెప్పమన్నారు నన్ను. అదంతా ఒక పూటలో తెమిలే వ్యవహారం కాదు గనక ఇవాళ ఒక్క ముక్క పట్టుకుంటాను. ఆ ముక్క మీకందరికీ తెలుసు, మీ నాన్నలకీ తెలుసు, టైపు మిషన్ల రోజుల్లో కోర్టు బయట కూర్చుని దరఖాస్తులు కొట్టిపెట్టినవాళ్లకైతే కళ్లు మూసుకున్నా వేళ్లు వాటంతటవే కొట్టేసేవి. "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్." నా సర్వీసంతా నా టేబుల్ మీదకొచ్చిన కాగితాల్లో ఈ మాట లేని కాగితం కనపడితే ఎవరు రాశారబ్బా అని సంతకం చూసేవాణ్ణి.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. ఇది తప్పు ఇంగ్లీషు, ఇండియావాళ్లు పుట్టించిన ఇంగ్లీషు, వింటే తెల్లవాళ్లు నవ్వుతారు అని వీడియోల్లో పాఠాలు చెప్పేవాళ్లున్నారు కదా, నేను దానికి ఒప్పుకోను. నీడ్‌ఫుల్ అంటే అవసరమైన అని. ముందు 'ది' పెడితే అవసరమైన పని అని అర్థం వస్తుంది, 'ది రిచ్', 'ది పూర్' అన్నట్టే. ఈ వాడుక ఇంగ్లండులోనే ఉండేది. 18, 19 శతాబ్దాల్లో అక్కడి వర్తకులూ వకీళ్లూ దొరలూ ఉత్తరాల్లో హాయిగా రాసుకున్నారు. దొరలతో పాటే మన కచేరీల్లోకి దిగింది, వాళ్ల కింద పనిచేసిన గుమాస్తాలు పట్టుకున్నారు, గుమాస్తాల దగ్గర ఊరంతా పట్టుకుంది. తర్వాత అక్కడివాళ్లు ఆ మాట వదిలేశారు, మనం వదల్లేదు, అంతే తేడా. పాతబడిన మాట అనండి, ఊరుకుంటాను. తప్పు అనకండి.

ఇంకో తమాషా ఉంది. పూర్వం ఇంగ్లీషువాళ్ల వాడుకలో 'ది నీడ్‌ఫుల్' అంటే డబ్బు అనే అర్థం కూడా ఉండేది. చేతిలో నీడ్‌ఫుల్ ఉందా అంటే పైసలున్నాయా అని. కాబట్టి మీరు డూ ది నీడ్‌ఫుల్ అని రాసి ఇచ్చాక, టేబుల్ అవతలాయన కూడా మీ మొహంలోకి చూసి అదే మాట అన్నాడనుకోండి, ఎవరి అర్థం వాళ్లది. (నవ్వులు)

సరే, మాట తప్పు కాదన్నాను గదా, మరి నా బాధేమిటంటే, ఈ మాట రాశాక మనం ఆగిపోతాం. అసలు ఏం కావాలో చెప్పకుండా చెప్పేశామనుకుంటాం. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు, అడిగాం కదండీ అంటారు మీరు, ఏం అడిగారు?

ఒక కాగితం చదువుతాను వినండి. ఇది నిజంగా ఒకమ్మాయి ఇచ్చిన కాగితమే, పేరు మార్చాను, ఏ ఆఫీసో చెప్పను. "రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్ అండ్ హంబుల్ సబ్‌మిషన్ ఐ బెగ్ టు స్టేట్ దట్ మై నేమ్ ఈజ్ రాంగ్లీ రిటెన్ ఇన్ మై సర్టిఫికెట్. దేర్‌ఫోర్ కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ ఎట్ ది ఎర్లియస్ట్ అండ్ ఆబ్లైజ్." కింద సంతకం. అంతే, అయిపోయింది.

ఆ పిల్ల పేరు వెంకటలక్ష్మి అనుకుందాం. మనవాళ్ల పేర్లు ఒడియా రికార్డుల్లోకి వెళ్లి తిరిగొచ్చేటప్పటికి ఏమవుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మన 'వ' ఒడియా రాతలో చాలాసార్లు 'భ' అవుతుంది. వెంకట భెంకట అవుతాడు. ఆ ఒడియా రాత చూసి మళ్లీ ఇంగ్లీషులో కొట్టే కంప్యూటర్ అబ్బాయి బీ, హెచ్ పెట్టి కొడతాడు. అతని తప్పేం లేదు, ఉన్నదే కొట్టాడు. ఇంటిపేరు సంగతి సరేసరి, మనం ముందు రాస్తాం, ఇక్కడి ఫారాల్లో వెనక రాయాలి. మనం ఒక్క అక్షరంతో సరిపెడతాం, వాళ్లు మొత్తం రాయమంటారు. ఒకే మనిషి మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, రెసిడెన్స్ సర్టిఫికెట్‌లో మూడోలా ఉంటుంది.

ఇప్పుడు ఆ గుమాస్తా కుర్చీలో మీరు కూర్చోండి. ఈ కాగితం మీ చేతికొచ్చింది. ఏ సర్టిఫికెట్? క్యాస్టుదా, ఇన్‌కమ్‌దా, రెసిడెన్సా? తప్పు ఎక్కడుంది, ఒడియాలోనా ఇంగ్లీషులోనా? సరైన స్పెల్లింగు ఏది? ఏ కాగితం చూసి సరైనదని నమ్మాలి? సరిదిద్దాలా, రద్దు చేసి కొత్తది ఇవ్వాలా? ఇన్ని ప్రశ్నలకి జవాబు లేదు గాని 'నీడ్‌ఫుల్' ఉంది. కిరాణా కొట్టుకెళ్లి చీటీ మీద "మా ఇంటికి కావలసినవి ఇవ్వవలెను" అని రాసిచ్చినట్టుంటుంది. కొట్టాయన మంచివాడైతే ఏం కావాలమ్మా అని అడుగుతాడు. మంచివాడే గాని ముందు పాతికమంది నిలబడి ఉంటే చీటీ పక్కన పెడతాడు. ఆ అమ్మాయి కాగితం కూడా పక్కన పెట్టారు. పాపం చెప్పులరిగేలా తిరిగింది.

ఆ కాగితాన్నే ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడండి. "ఐ రిక్వెస్ట్ యు టు కరెక్ట్ ది స్పెల్లింగ్ ఆఫ్ మై నేమ్ ఇన్ మై రెసిడెన్స్ సర్టిఫికెట్." తర్వాత సర్టిఫికెట్ నంబరు, తేదీ. తర్వాత రెండు వరుసలు, పైన ఇప్పుడున్న పేరు, కింద ఉండాల్సిన పేరు, రెండూ పెద్దక్షరాల్లో, ఒడియాలో ఎలా ఉండాలో కూడా పక్కనే ఒడియా లిపిలో. తర్వాత "ది కరెక్ట్ స్పెల్లింగ్ ఈజ్ యాజ్ ఇన్ మై మెట్రిక్ సర్టిఫికెట్, ఎ కాపీ ఆఫ్ విచ్ ఈజ్ ఎన్‌క్లోజ్డ్." అయిపోయింది. ఇందులో వినయం ఎక్కడా తగ్గలేదు, పొగరు ఎక్కడా లేదు, గుమాస్తా బుర్ర బద్దలుకొట్టుకోవలసిన పని అసలే లేదు. ఒడియా రాత మీకు రాకపోతే పక్కింటి ఒడియా పిల్లాణ్ణి అడిగి రాయించుకోండి, సిగ్గుపడకండి. పేరు మీది, తప్పుపడితే జీవితాంతం మీరే మోయాలి.

ఇక కాగితం ప్రయాణం గురించి చెప్తాను, ఇది బయటివాళ్లకి తెలీదు. మీరు సోమవారం కలెక్టరుగారి గ్రీవెన్స్‌కి వెళ్లి దరఖాస్తు ఇచ్చారనుకోండి. అక్కడ వందలమంది. దాని మీద ఫలానా తహసీల్దారుకి అని రాసి "ఫర్ నెసెసరీ యాక్షన్" అంటారు. తహసీల్ ఆఫీసులో దాన్ని ఆర్.ఐ.గారికి, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకి, పంపుతూ "ఫర్ ఇన్‌ఫర్మేషన్ అండ్ నెసెసరీ యాక్షన్" అంటారు. చూశారా, ఇదీ నీడ్‌ఫుల్లే, వేషం మార్చుకుంది. మీరు ఏం కావాలో చెప్పలేదు, కలెక్టరాఫీసు చెప్పలేదు, తహసీలూ చెప్పలేదు. చివరికి అడుగున ఉన్న మనిషి తనకి అర్థమైనదేదో చేసి, లేదా ఏమీ అర్థంకాక మీ ఊరొచ్చి నలుగురిని అడిగి వెళ్లి, "నెసెసరీ యాక్షన్ హ్యాజ్ బీన్ టేకెన్" అని పైకి రాస్తాడు. ఫైలు మూసేస్తారు.

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే అసలు నష్టం ఇక్కడుంది. ఆయన రాసింది అబద్ధమని మీరు నిరూపించలేరు. మీరు అవసరమైనది చెయ్యమన్నారు, ఆయన అవసరమైనది చేశానన్నాడు. లెక్క సరిపోయింది. అదే మీరు ప్లాట్ నంబరు ఇచ్చి ఈ ప్లాటు సరిహద్దులు కొలిపించండి అని రాసి ఉంటే, కొలిపించాడా లేదా అనే ప్రశ్న ఒకటి పుట్టేది. దానికి అవును గాని కాదు గాని జవాబు చెప్పాలి. చక్కగా అడిగిన కాగితాన్ని ఊరికే మూసెయ్యడం కష్టం. ఇది నేను కుర్చీకి అటుపక్క కూర్చుని చూసిన సంగతి, మీకు ఎవరూ చెప్పరు.

కోర్టు కాగితాలు ఎప్పుడైనా చూశారా? పిటిషన్ చివర 'ప్రేయర్' అని ఉంటుంది. ప్రార్థన అన్నమాట. అందులో వకీలుగారు ఏబీసీడీలు వేసి మరీ అడుగుతారు, ఫలానా ఉత్తర్వు కొట్టెయ్యాలి, ఫలానా తేదీ నుంచి జీతం ఇప్పించాలి, ఖర్చులు ఇప్పించాలి, అని. ఇవన్నీ అయ్యాక ఆఖర్న, కోర్టువారికి న్యాయమని తోచిన మరే ఉపశమనమైనా ఇప్పించండి అని ఒక వాక్యం. మామూలుగా అడగనిది కోర్టు ఇవ్వదు, అందుకే ముందు అంత వివరంగా అడుగుతారు. ఆ ఆఖరి వాక్యం ఉంది చూశారూ, అదే వకీళ్ల నీడ్‌ఫుల్. వాళ్లు దాన్ని ఒంటరిగా ఎప్పుడూ పంపరు. మనం పంపుతాం. అలాగే "యాజ్ ఇన్ డ్యూటీ బౌండ్ షల్ ఎవర్ ప్రే" అని ముగిస్తారు, కోర్టులో అది పద్ధతి, ఇంగ్లండు పార్లమెంటుకిచ్చే అర్జీల నుంచీ ఉన్న సంప్రదాయం. వీధి దీపం వెలగట్లేదని రాసే కాగితంలో మాత్రం మీరు ఎవరికోసమూ ఎల్లకాలం ప్రార్థించక్కర్లేదు.

భూమి కాగితాల గురించి ఒక మాట. మనలో చాలామందికి ఆంధ్రా వైపు పాతపట్నంలోనో టెక్కలిలోనో చుట్టాలుంటారు. వాళ్ల నోట విని సర్వే నంబరు, అడంగల్, వన్ బీ అని రాసేస్తాం. ఇక్కడి తహసీల్లో ఆ మాటలు నడవవు. ఇక్కడ మౌజా, అంటే రెవెన్యూ గ్రామం, ఖాతా నంబరు, ప్లాట్ నంబరు. తండ్రి పోయాక పిల్లల పేర పట్టా మార్చడం, దాఖల్ ఖారజ్ అంటారు గదా, దానికి రాసే దరఖాస్తులో నేను చాలాసార్లు చూసిన వాక్యం "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ ఫర్ మ్యూటేషన్ ఆఫ్ ల్యాండ్ ఇన్ మై ఫాదర్స్ నేమ్". దీనికి రెండర్థాలు. నాన్న పేర ఉన్న భూమిని మార్చమని ఒకటి, భూమిని నాన్న పేరుకి మార్చమని రెండోది. పోయినాయన పేరుకి ఎవరు మారుస్తారండీ? "ఫ్రమ్ ది నేమ్ ఆఫ్ మై లేట్ ఫాదర్ టు ది నేమ్స్ ఆఫ్ హిజ్ లీగల్ హెయిర్స్" అని రాయండి. ఎవరి పేరు నుంచి, ఎవరి పేర్లకి. లీగల్ హెయిర్ సర్టిఫికెట్ కాపీ జత చెయ్యండి. ఇంకోటి, గజపతి జిల్లా 1992లో వచ్చింది, అంతకు ముందు మనం గంజాం జిల్లా, కాబట్టి తాతగారి కాగితంలో గంజాం అనీ మీ దరఖాస్తులో గజపతి అనీ ఉంటే, పాత జిల్లా పేరు కూడా ఒక ముక్క రాసేస్తే ఎదుటివాడికి అనుమానం ఉండదు.

అసలు మనకి ఈ ఇంగ్లీషు ఎందుకు అని మీలో ఎవరికైనా అనిపించొచ్చు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా మనం కష్టం చెప్పుకుంటూ అర్జీ ఇవ్వొచ్చు. అంటే తెలుగులో ఇవ్వొచ్చు, అది హక్కు. కానీ ఆ తెలుగు కాగితం చదివేవాళ్లు ఆ ఆఫీసులో ఉండాలి, లేకపోతే అది చదివించుకోవడానికే ఒక ప్రయాణం చేస్తుంది. సమాచార హక్కు చట్టం దగ్గరకొస్తే 2005 చట్టం 6వ సెక్షన్‌లో ఇంగ్లీషు, హిందీ, ఆ ప్రాంతపు అధికార భాష అని స్పష్టంగా ఉంది. ఒడిశాలో అంటే ఒడియా. మన పిల్లలు ఒడియా గలగలా మాట్లాడతారు, బజార్లో బేరం కూడా ఒడియాలోనే ఆడతారు, రాయమంటే చాలామంది చెయ్యి ఆగుతుంది. అలా ఇంగ్లీషు మన మీద పడింది. అవతలి గుమాస్తాకీ ఇంగ్లీషు రెండో భాషే, మనకీ రెండో భాషే, ఇద్దరికీ రాని భాషలో ఇద్దరం గొప్పలకి పోతే ఇంకేం తెలుస్తుంది?

సమాచార హక్కు అంటే గుర్తొచ్చింది. అక్కడ నీడ్‌ఫుల్ అసలు పనికిరాదు. "మా ఊరి రోడ్డు గురించి సమాచారం ఇచ్చి నీడ్‌ఫుల్ చెయ్యగలరు" అంటే ఏమీ రాదు. ఆ చట్టం రికార్డు ఇప్పిస్తుంది, రోడ్డు వెయ్యదు. ఫలానా పనికి అంచనా కాగితం, మెజర్‌మెంట్ బుక్కు కాపీ, బిల్లు కాపీ, ఫలానా ఏడాదివి, అని అడగాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రోడ్డు వెయ్యమని అడగాలంటే ఆ కాగితం వేరు, పంపాల్సిన చోటు వేరు.

ఈ ఊళ్లో నిలబడి ఇలాంటి మాటలు మాట్లాడుతూ గిడుగువారిని తలుచుకోకపోతే తప్పు. గిడుగు వెంకట రామమూర్తిగారు 1863లో పుట్టారు, ఈ పర్లాకిమిడిలోనే రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పారు, సవరల భాష నేర్చుకుని వాళ్లకి పుస్తకాలు రాశారు, 1936లో మన ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఇక్కణ్ణించి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పోరాటమంతా ఏమిటి, ఎవరూ మాట్లాడని తెలుగుని పిల్లల చేత రాయించకండిరా బాబూ అని. దాని మీద పెద్ద పెద్ద పండితులతో తగువు పడ్డారు. ఏటా ఆగస్టు 29న మనం ఆయన ఫొటోకి దండ వేస్తాం, మర్నాడు ఆఫీసుకెళ్లి "ఐ బెగ్ టు స్టేట్" అని రాస్తాం. తెలుగులో గ్రాంథికం వదిలిపోయింది గాని ఇంగ్లీషులో మన గ్రాంథికం అలాగే ఉంది. నాకు దీని మీద కొంచెం కోపం ఉంది, పోనీండి.

ఈ జబ్బు మనకొక్కరికే కాదు లెండి. ఇంగ్లండులోనే 1979లో ప్లెయిన్ ఇంగ్లీష్ క్యాంపెయిన్ అని మొదలైంది, సర్కారు ఫారాల్లో భాష మామూలు జనానికి అర్థం కావట్లేదని లండన్‌లో పార్లమెంటు ఎదుటే ఆ ఫారాలు ముక్కలు ముక్కలు చేసి పడేశారు. ఇంగ్లీషు అమ్మభాషైనవాళ్ల గతే అది.

వ్యాకరణం సంగతి త్వరగా చెప్పేస్తాను, అసలు పనికి అది పెద్ద అడ్డం కాదు. రాస్తే 'ది' వదలకండి, డూ నీడ్‌ఫుల్ అనకూడదు. నీడ్‌ఫుల్స్ అని బహువచనం లేదు. 'డూ ది నీడ్‌ఫుల్ యాక్షన్' కూడా కుదరదు, ఆ నీడ్‌ఫుల్‌లోనే పని ఉంది, ఇంకో యాక్షన్ ఎందుకు. 'ప్లీజ్ కైండ్లీ' అని రెండూ కలిపి రాయకండి, ఒకటి చాలు, నన్నడిగితే ప్లీజ్ చాలు. కైండ్లీ మన చెవికి మెత్తగా ఉంటుంది గాని విదేశాల్లో చాలామందికి విసుక్కుంటూ చెప్పినట్టు వినపడుతుంది.

'ఎట్ ది ఎర్లియస్ట్' దగ్గర మాత్రం జాగ్రత్త. మనం వీలైనంత త్వరగా అని రాస్తాం. మామూలు ఇంగ్లీషులో 'ఆన్ మండే ఎట్ ది ఎర్లియస్ట్' అంటే ఎంత త్వరగా అయినా సోమవారం కంటే ముందు కాదు అని. త్వరపెట్టబోయి ఆలస్యానికి లైసెన్సు ఇచ్చినట్టవుతుంది. దాని బదులు తేదీ రాయండి. "అడ్మిషన్‌కి ఆఖరి తేదీ జూలై 15, ఆ లోపల సర్టిఫికెట్ ఇప్పించండి" అంటే, ఎందుకు తొందరో కూడా తెలిసిపోతుంది. కారణం చెప్పని తొందరని ఏ ఆఫీసులోనూ లెక్కచెయ్యరు.

ఇక ప్రభుత్వం రాసే ఉత్తరాలు చూసి మనం నేర్చుకోవడం ఉంది చూశారూ, అదో సరదా. సర్కారు ఉత్తరం "ఐ యామ్ డైరెక్టెడ్ టు సే" అని మొదలవుతుంది. ఎందుకంటే రాసే అధికారి తన సొంతంగా రాయట్లేదు, ప్రభుత్వం తరపున రాస్తున్నాడు. ఆ జవాబు అందుకున్న పెద్దమనిషి ఒకాయన మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటూ "ఐ యామ్ డైరెక్టెడ్ టు రిక్వెస్ట్ యు" అని మొదలెట్టారు. ఎవరు డైరెక్ట్ చేశారు బాబుగారూ అంటే, మా ఆవిడే, ఈ పని అయితేగాని ఇంటికి రావొద్దంది అన్నారు. (నవ్వులు) ఆయన ఒక్కడిదే సరైన వాడుక అనుకోండి.

ఉద్యోగాలకి విశాఖపట్నం, హైదరాబాద్, బెంగళూరు పోయేవాళ్లు మీలో ఉన్నారు. ఆఫీసు మెయిల్లో "పీఎఫ్ఏ, ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్" అని రాసే అలవాటు అక్కడా ఉంది. పీఎఫ్ఏ అంటే ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్, జత చేసింది చూడండి అని. ఒకే గదిలో రోజూ చేసే పనికైతే నడిచిపోతుంది, ఎదుటివాడికి ఏం చెయ్యాలో తెలుసు. దేశం అవతలివాడికి పంపితే అతను ఆ మాట ఎప్పుడూ విని ఉండడు. "ప్లీజ్ చెక్ ది ఫిగర్స్ ఇన్ ది సెకండ్ షీట్ అండ్ కన్‌ఫర్మ్ బై ఫ్రైడే" అని రాస్తే మీ గౌరవం ఏం పోదు. మన ఆడపిల్లలు, కొత్తగా చేరినవాళ్లు మరీ, గట్టిగా అడిగితే ఏమనుకుంటారోనని నీడ్‌ఫుల్ వెనకాల దాక్కుంటారు. పని ఆలస్యమయ్యాక మాట పడేదీ వాళ్లే.

మరి ఎప్పుడు రాయొచ్చంటే, పైన అడగాల్సింది అంతా అడిగేశాక, చివర్లో ఒకసారి రాస్తే రాయండి, ఎవరూ ఏమీ అనరు. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి రోజూ నడిచే కాగితం మీద రాసుకుంటారు, రాసుకోనీండి. అక్కడ అందరికీ దారి తెలుసు. తీసేస్తే కాగితంలో లోటు కనపడకూడదు, అలా ఉంటే ఆ మాట ఉన్నా పర్లేదు. అది తీసేస్తే అడిగినదే మాయమైపోతే మాత్రం అసలు మీరేం అడగలేదని అర్థం.

ఎవరైనా ఏమైనా అడుగుతారా? చెప్పు బాబూ.

(ఒక విద్యార్థి: సార్, ఇది చెయ్యండి, అది చెయ్యండి అని అంత విడమరిచి రాస్తే ఆఫీసర్‌గారికి మనం పని నేర్పిస్తున్నట్టు ఉండదా? కోపం వస్తే?)

మంచి ప్రశ్న. మన పెద్దవాళ్ల భయం కూడా ఇదే, అందుకే ఈ నీడ్‌ఫుల్ ఇన్నాళ్లు బతికింది. పెద్దవాళ్లకి మనం చెప్పేదేముంది, వారికే తెలుసు, దయచూస్తారు, అనే వినయం అందులో ఉంది. ఆ వినయం మంచిదే, కానీ అది ఎదుటివాడి పని పెంచుతోంది. నా అనుభవంలో విడమరిచి రాసిన కాగితం చూసి కోప్పడిన ఆఫీసరు ఒక్కడు లేడు. మర్యాద అంతా "ఐ రిక్వెస్ట్ యు టు" అనే ముక్కలో వచ్చేసింది. 'యు మస్ట్', 'యు షుడ్' అని రాయకు, అది ఆజ్ఞ. పద్ధతి నేర్పకు, అంటే ముందు ఆర్.ఐ.ని పిలవండి, తర్వాత ఫలానా రిజిస్టర్ తియ్యండి అని రాయకు. నీకేం కావాలో రాయి, ఎలా చెయ్యాలో ఆయన చూసుకుంటారు. ఆ రెంటికీ తేడా ఉంది.

అమ్మా, నువ్వు.

(ఒక విద్యార్థిని: ఒడియాలో రాస్తే ఈ గొడవ ఉండదు కదండీ మాస్టారూ?)

ఎందుకుండదమ్మా! ఒడియాలో "ఆవశ్యక పదక్షేప", అంటే అవసరమైన చర్య, అని ఉంటుంది, మన తెలుగులో "తగు చర్యలు తీసుకోగలరని మనవి" అని ఉంటుంది. దరఖాస్తు అనే మాట సరిహద్దుకి అటూ ఇటూ ఒకటే, ఈ వ్యాధి కూడా ఒకటే. నీకు ఒడియా రాత బాగా వస్తే తప్పకుండా ఒడియాలోనే రాయి, ఇక్కడ అదే త్వరగా కదులుతుంది, నేను కాదనను. కానీ పదక్షేప ఏమిటో మాత్రం రాయి.

ఇంకొకటి అడుగుతున్నారు అక్కడ. ఏమిటి, కింద ఏం రాయాలనా? డియర్ సర్ అని మొదలెడితే యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ, పేరు పెట్టి పిలిస్తే యువర్స్ సిన్సియర్లీ. యువర్స్‌కి మధ్యలో పైన కామా పెట్టకూడదు. చాలామంది పెడతారు. మొబైల్ నంబరు తప్పకుండా రాయండి, పని ఆగితే ఫోను చేసి అడగడానికి దారి ఉండాలి. ఇచ్చాక రసీదు గాని, మీ కాపీ మీద డైరీ నంబరు, తేదీ, ఆఫీసు ముద్ర గాని వేయించుకోండి, రెండోసారి వెళ్లినప్పుడు ఆ నంబరు చెప్తేనే కాగితం దొరుకుతుంది.

సరే, చాలా చెప్పాను. ఇంటి దగ్గర్నుంచి పెండింగ్ కాగితాలు తెచ్చుకోమన్నాను గదా, తెచ్చినవాళ్లు ఈ టేబుల్ దగ్గరికి రండి. తోసుకోకుండా, ఒకరి తర్వాత ఒకరు. నీదేమిటి బాబూ? పింఛనా? ఎవరిది, అమ్మమ్మదా? ఏ నెల నుంచి ఆగింది? అదిగో, ఆ నెల పేరే కాగితంలో లేదు. అక్కడ కూర్చుని రాసుకురా.